మా అరగంట

అవనిగడ్డలో మా కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో టైము అరగంట వెనక నడిచేది. గోడ గడియారంలో కాదు, అది బాగానే ఉంది. కంప్యూటర్లలో. నా పేరు వినీల, అక్కడ ఇన్‌స్ట్రక్టర్‌ని. ఆ అరగంట మీద నాకున్నంత కోపం మా కేంద్రంలో ఇంకెవరికీ లేదు.

మా పద్నాలుగు మెషిన్లూ ఎవరో వాడి వదిలేసినవి. పేరున్న సాఫ్ట్‌వేరేదీ వాటి మీద కదలదు. అందుకని, దేశదేశాల్లో ఓ పాతికమంది తీరిక వేళల్లో సరదాకి రాసుకుంటున్న ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి తెచ్చి ఎక్కించాను. చక్కగా నడుస్తోంది, ఒక్క తంటా తప్ప. అందులో గ్రీనిచ్ టైముకి మనం ఐదు గంటలు ముందని చెప్పాలి, లేదా ఆరు గంటలని చెప్పాలి. మనది ఐదున్నర. ఆ అర దానికి తెలియదు.

ప్రిన్సిపాల్ నాగభూషణరావు గారు ఐదే పెట్టమన్నారు. బుద్ధిలేక పెట్టాను. అప్పట్నుంచి బయట నాలుగున్నరైతే గానీ మెషిన్‌లో నాలుగవదు. హాజరు వేసేది మెషినే కాబట్టి, దాని లెక్కలో నాలుగు కాకుండా లేస్తే ఆ పూట హాజరు పోయినట్టే. ఎదురుమొండి లంక నుంచి వచ్చే దుర్గ సంగతి చూడండి. నాలుగూ పది బస్సు ఎక్కకపోతే ఏటిమొగ రేవులో ఆఖరి పడవ అందదు. లేస్తే హాజరు పోతుంది, కూర్చుంటే పడవ పోతుంది. ఒకరోజు నా దగ్గరికొచ్చి తల దించుకుని చెప్పింది.

"ఈ నెలాఖరుకి మానేస్తానండీ మేడమ్. ఇంట్లో ఒప్పుకోవట్లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. తెలివైన పిల్ల చదువు అరగంట దగ్గర ఆగిపోవడమేమిటి?

గడియారాన్ని అరగంట ముందుకు తిప్పి చూశాను. నెట్ తగలగానే అది మళ్ళీ పాత చోటికే వచ్చేసింది. ఆ పాతికమందికీ రాశాను. అరగంట తేడా ఉన్న దేశాలు కొన్నే కాబట్టి తొందరేమీ లేదనీ, అంత అవసరమైతే దాన్ని రాసిన సోర్సు కోడ్ అక్కడే ఉంది, నువ్వే మార్చి కొత్తగా తయారు చేసుకోమనీ ఒకాయన జవాబిచ్చాడు. కొన్నేనట! నూట నలభై కోట్లమందిమి ఆయన కంటికి ఆనలేదు. సరే, చేసుకుంటాననుకున్నాను.

మార్చాల్సింది ఆ సిస్టమ్‌కి మూలమైన లైబ్రరీని. ఫైలు తెరవాలన్నా, తెర మీద ఒక్క అక్షరం చూపించాలన్నా, టైము చెప్పాలన్నా ప్రతి ప్రోగ్రామూ దాన్నే అడుగుతుంది. అది చెడితే ఏదీ పనిచేయదు. ఈ మాటే ప్రిన్సిపాల్ గారికి దాచకుండా చెప్పాను. ఆయన మొహం మాడ్చుకున్నారు. ఐదుకేం రోగం వచ్చిందమ్మా అన్నారు. నేను వినకపోయేసరికి కాగితం తీసి, ల్యాబ్ పాడైతే ఉద్యోగం మానేస్తానని రాసిమ్మన్నారు. బెదిరిపోతాననుకున్నారు పాపం. నిలబడే సంతకం పెట్టేశాను.

రెండో శనివారం సెలవు. బందరులో మొదటి బస్సెక్కి వచ్చి, సోర్సులో టైము తేడాని గంటల నుంచి నిమిషాల్లోకి మార్చి, ఆ రాతని మెషిన్ భాషలోకి తిప్పే కంపైల్‌కి పెట్టాను. మూడు గంటలు పట్టింది. పన్నెండింటికి, ఎక్కడలేని హుషారుతో, తయారైన లైబ్రరీని పెద్ద మెషిన్‌లో పాతదాని స్థానంలో పెట్టేశాను. మిగతా పదమూడూ దాని మీద ఆధారపడినవే. అంతే, పద్నాలుగూ పడుకున్నాయి. ఏ కమాండ్ కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. పాతదాన్ని వెనక్కి పెడదామన్నా, పెట్టే కమాండ్‌కీ ఆ లైబ్రరీయే కావాలి. సంతకం పెట్టిన కాగితం కళ్ళ ముందు కనబడింది.

మా నాన్న శామ్యూల్ రాజ్ చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకి పూత పెడతాడు. తొట్టెలో కొత్త నీళ్ళు కలిపిన రోజున ముందు ఒక్క గాజే ముంచుతాడు. రంగు తేలాకే మిగతా సరుకు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, అయినా సరుకంతా ఒకేసారి ముంచేశాను. నన్ను నేనే నాలుగు తిట్టుకుని, ముందుజాగ్రత్తగా పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న సిస్టమ్‌తో పెద్ద మెషిన్‌ని లేపి, పాత లైబ్రరీని దాని చోట పెట్టాను. ఊపిరి వచ్చింది.

తప్పు వెతికితే దొరికింది. ఒక ఫైల్లో నిమిషాలు చేశాను, రెండో ఫైలు వాటినింకా గంటలే అనుకుంటోంది. ప్రతి ప్రోగ్రామూ మొదలవగానే ఆ లెక్క చూసుకుంటుంది కాబట్టి అన్నీ పడిపోయాయి. సరిచేసి మళ్ళీ కంపైల్‌కి పెట్టాను. ఈసారి టైము మాత్రం చెప్పే చిన్న ప్రోగ్రామ్ రాసి, దాని ఒక్కదానికే కొత్త లైబ్రరీ ఇచ్చాను. నాలుగూ ఐదు అంది. తలెత్తి గోడకేసి చూశాను. అక్కడా నాలుగూ ఐదే. ఒక్కదాన్నే ఆ ఖాళీ గదిలో గట్టిగా నవ్వాను. ఆ తర్వాతే దాన్ని పెద్ద మెషిన్‌లో పెట్టాను.

సోమవారం ప్రిన్సిపాల్ గారు ఎప్పటిలాగే వచ్చి హాజరు కొట్టారు. తొమ్మిదీ ముప్ఫై రెండు అని చూపించింది. అప్పుడర్థమైంది నాకు, ఆయనకి ఐదు మీద అంత ప్రేమెందుకో. రావాల్సింది తొమ్మిదికి. రోజూ బందరులో ఆలస్యంగా బయలుదేరి తొమ్మిదిన్నరకి దిగుతారు, మెషిన్ తొమ్మిదని రాసుకునేది.

"ఇది తప్పు చూపిస్తోందమ్మా. పాతదే పెట్టెయ్" అన్నారు.

"పెట్టనండీ. ల్యాబ్ పాడైతే మానేస్తానని రాశాను. బాగైతే మానేస్తానని రాయలేదు."

గదిలో పిల్లలంతా తెరల్లోకి తలలు దూర్చేశారు. ఆయన పైవాళ్ళకి రాస్తానంటూ వెళ్ళిపోయారు. రాసుకోమన్నాను. నాలుగింటికి దుర్గ హాజరు కొట్టి, సంచి భుజాన వేసుకుని పరుగెత్తింది. ఐదున్నరకి ఫోన్ చేసింది. పడవెక్కానండీ మేడమ్ అంది. వెనక ఇంజను చప్పుడు వినబడుతోంది.

మంగళవారం నా బస్సులో ప్రిన్సిపాల్ గారు కనబడ్డారు. సీట్లు లేవు, కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. చల్లపల్లి దాటాక వంగి, మళ్ళీ పాత టైము పెట్టావా అని మెల్లగా అడిగారు.

"దుర్గ నిన్న పడవెక్కిందండీ" అన్నాను.

అవనిగడ్డలో దిగేసరికి ఎనిమిదీ యాభై. నా కంటే ముందు ఆయనే గబగబా నడిచారు.