మెత్తన్న చేతిలో చెడని బండి

మోటారుసైకిళ్ళ ఫ్యాక్టరీలో మెత్తన్నకి జీతమిచ్చేది బండ్లు చెడగొట్టడానికి. కొత్త మోడల్ తయారుకాగానే మొదటి బండి అతని చేతికిస్తారు. ఫ్యాక్టరీ వెనకాల ట్రాక్ ఉంది. దాని మీద నెలల తరబడి బండిని తిప్పి తిప్పి, ఏది అరుగుతుందో, ఏది విరుగుతుందో చూడటం అతని పని. ఆ తర్వాత ఇంజను విప్పుతారు. లోపల అన్నీ సవ్యంగా ఉంటే బండి అమ్మకానికి వెళుతుంది. మెత్తన్న నడిపినవాటిలో ఎప్పుడూ అన్నీ సవ్యంగానే ఉండేవి. చెడగొట్టడానికని పెట్టుకున్న మనిషి ఇన్నేళ్ళలో ఒక్క బండినీ చెడగొట్టలేకపోతే ఇంకెక్కడైనా ఇంటికి పంపేవాళ్ళు. ఇక్కడ నెత్తిన పెట్టుకున్నారు. అతను ఎక్కి దిగిన బండి పాసైనట్టే మరి.

మెత్తన్న అనే పేరు ఫ్యాక్టరీలో వాళ్ళు పెట్టిందే. చెయ్యి అంత మెత్తన. పొద్దున్నే బండి స్టార్ట్ చేస్తాడు, యాక్సిలరేటర్ మాత్రం ముట్టుకోడు. పక్కన నిలబడి టీ తాగుతాడు. ఇంజను గొంతు సవరించుకుని, ఒళ్ళు వెచ్చబడి, సాఫీగా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాక "ఇక పద తల్లీ" అని ఎక్కుతాడు. గేరు మారిస్తే మారినట్టు తెలియదు. గుంట వస్తే బండి కన్నా ముందు తన నడుమే లేస్తుంది. ఇంట్లో ఎవరైనా మంచినీళ్ళడిగితే మొహం మాడ్చుకునే మనిషి, బండి దగ్గర మాత్రం అంత మర్యాదస్తుడు.

దేవుడు ఇలాంటి మనిషికి బావమరిదిగా భస్మాన్ని ఇచ్చాడు. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. ముట్టుకున్నదల్లా భస్మమవుతుందని చిన్నప్పుడెవరో అన్నారు, అదే పేరై కూర్చుంది. అతను వస్తున్నాడంటే మెత్తన్న ఇంట్లో రేడియో బీరువాలోకి, గొడుగు మంచం కిందకి వెళ్ళిపోతాయి. ఓసారి తలుపు గడియ చేత్తో పట్టుకుని లోపలికొచ్చి, "బావా, ఇది నా చేతికొచ్చేసింది" అన్నాడు. గడియ ఏదో తానే ముచ్చటపడి వచ్చినట్టు.

భస్మం పార్సిళ్ళు చేరవేసే పని చేస్తాడు. బండి సొంతది ఉంటేనే ఆ పని. కొత్త మోడల్ బయటికి రాగానే అక్కే పట్టుబట్టి అదే కొనిపించింది. "మీ బావ నడిపి చూసిన బండిరా, నీ చేతిలో కూడా చెడదు" అంది. మెత్తన్న కూడా ఊరుకోకుండా మీసం సవరించుకుని, "దీన్ని చెడగొట్టాలంటే నువ్వు ఇంకో జన్మెత్తాలి" అన్నాడు.

భస్మానికి ఈ జన్మే సరిపోయింది. సీటు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయనేలేదు, ఇంజను తలలోంచి టకటకమని చప్పుడు మొదలైంది. చప్పుడు పెరిగి పెరిగి ఓ రోజు నడిరోడ్డు మీద బండి చతికిలబడింది. సర్వీసు సెంటర్లో విప్పి చూస్తే, ఇంజను పైభాగంలో తిరుగుతూ వాల్వుల్ని తెరిచీ మూసే క్యామ్ షాఫ్ట్ చుట్టూ గీతలు పడి అరిగిపోయి ఉంది. కొత్త భాగం ఇవ్వమని అడిగితే "వాడకం సరిగ్గా లేదు" అని చేతులు దులుపుకున్నారు. అతనొక్కడికే కాదు, అదే మోడల్ కొని అదే క్యామ్ షాఫ్ట్ పోగొట్టుకుని వచ్చిన ప్రతివాడికీ ఫ్యాక్టరీ అదే సమాధానం చెబుతోంది. మా పరీక్షలో ఈ బండికి చిన్న గీతైనా పడలేదు, కాబట్టి తప్పు మీ చేతిలోనే ఉంది అని. ఆ పరీక్ష చేసింది మెత్తన్న.

ఆ వేళ మెత్తన్న కంచం ముందు కూర్చోగానే భార్య ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏమండీ, మా తమ్ముడికి బండి నడపడం రాదట. మీ కంపెనీవాళ్ళు తేల్చేశారు."

"తేల్చడానికేముంది? వాడికి తలుపు తియ్యడమే రాదు" అన్నాడు మెత్తన్న. అనకూడని మాట అనేశానని గరిటె చప్పుడుకి అర్థమైంది.

"వాడి చేతిలో గొడుగులు విరిగాయి, గడియలు ఊడాయి, నేను కాదనలేదు. కానీ ఇన్నేళ్ళుగా వాడు బండి మీదే బతుకుతున్నాడు. పాత బండి ముసలిదై పోయింది గానీ వీడు చంపింది కాదు. బండి లేకపోతే పనిలోకి రావద్దన్నారట. మీ మాట నమ్మి కొన్నాడండీ వాడు. తప్పు వాడిదో మీ బండిదో మీరే తేల్చండి. తేల్చేదాకా నాతో మాట్లాడకండి."

మెత్తన్న అన్నం మెతుకులు లెక్కపెడుతూ కూర్చున్నాడు. తప్పు వాడిదైతే వాడి పని పోతుంది. బండిదైతే, దాన్ని పాస్ చేసిన తన పరీక్ష పోతుంది. తనకంటూ ఈ లోకంలో ఉన్న గొప్ప అదొక్కటే. తప్పు వాడిదే కావాలని అతను మనసారా కోరుకున్నాడు. ఆ కోరికతోనే, వాడు ఎలా నడుపుతాడో కళ్ళారా చూసి భార్య నోరు మూయిద్దామని మర్నాడు బయలుదేరాడు.

మెత్తన్నకి కూడా అదే మోడల్ బండి ఉంది. దాని తాళం ఇష్టం లేకుండానే బావమరిది చేతిలో పెట్టాడు. వెనక సీటు మీద ఇంకా సరిగ్గా కూర్చోనేలేదు, భస్మం తాళం తిప్పడం, స్టార్ట్ నొక్కడం, యాక్సిలరేటర్ మెలిపెట్టడం ఒక్క దెబ్బన జరిగిపోయాయి. బండి కీచుమని వీధి చివరికి దూకింది.

"ఒరేయ్! ఆగరా! నూనె ఇంకా పైకి ఎక్కలేదురా!"

"ఏ నూనె బావా?"

"రాత్రంతా ఊరుకున్న ఇంజనులో నూనె అడుక్కి దిగిపోతుందిరా. స్టార్ట్ చేశాక పైదాకా ఎక్కడానికి కాస్త టైం పడుతుంది. అప్పటిదాకా క్యామ్ షాఫ్ట్ ఎండు గొంతుతో ఉంటుంది. అలాంటప్పుడు గుంజితే గీసుకుపోదూ?"

"పాత బండి గీసుకుపోలేదే?" అన్నాడు భస్మం వెనక్కి తిరిగి. ముందు చూడమని మెత్తన్న అతని హెల్మెట్ పట్టుకుని తిప్పాడు.

గోడౌన్ దగ్గర బండి ఆపి భస్మం చేయి చూపించాడు. షట్టరు ముందు అతనిలాంటివాళ్ళు చాలామంది బండ్ల మీద కాళ్ళు ఆన్చి కాచుకుని ఉన్నారు. షట్టరు లేవగానే ఎవరి మూటలు వాళ్ళు ఎత్తుకుని, తాళం తిప్పీ తిప్పకముందే యాక్సిలరేటర్ మెలిపెట్టి వెళ్ళిపోయారు. ఒక్కడూ ఆగలేదు. ఎదురింట్లోంచి ఒకావిడ స్కూలు సంచులు హ్యాండిల్‌కి తగిలించి, పిల్లల్ని ముందొకరినీ వెనకొకరినీ కుక్కుకుని అదే వేగంతో దూసుకుపోయింది. పక్క సందులోంచి చెప్పు ఒక కాలికే వేసుకున్న ఓ పెద్దమనిషి, రెండో చెప్పు సంగతి తర్వాత చూసుకోవచ్చన్నట్టు బండి గుంజి వెళ్ళిపోయాడు.

"ఆలస్యంగా వెళితే దూరం పార్సిళ్ళే మిగులుతాయి బావా. ఇంజను వెచ్చబడేదాకా నిలబడితే నన్ను ఎవరు నిలబెడతారు? నీకైతే నిలబడ్డందుకు కూడా జీతమిస్తారు" అన్నాడు భస్మం. ఎత్తిపొడుపుగా అనలేదు, ఉన్నమాటే అన్నాడు. మెత్తన్నకి తల కొట్టేసినట్టయింది.

దానికి కారణం బావమరిది మాట ఒక్కటే కాదు. లోపల ఇంకో సంగతి కదిలింది. ఈ మోడల్ ఇంజను గొంతు సర్దుకోవడానికి మిగతావాటికన్నా ఎక్కువసేపు పట్టేది. ట్రాక్ దగ్గర అతనికి అది మొదటి రోజే తెలిసింది. పాత మోడళ్ళకి ఒక టీ సరిపోయేది, దీనికి రెండో టీ కూడా తాగాల్సి వచ్చేది. పాపం, మందకొడి పిల్ల అనుకుని తాగాడే గానీ ఎందుకని ఎవర్నీ అడగలేదు. అడగాల్సిన ఒకే ఒక్క మాట అదేనని ఇప్పుడు, గోడౌన్ ముందు దుమ్ములో నిలబడ్డాక తట్టింది. తన చెంప తానే పగలగొట్టుకోవాలనిపించింది.

అట్నుంచి అటే ఫ్యాక్టరీకి వెళ్ళి, ఆ ఇంజను డిజైను గీసిన మేడం గదిలోకి దూరాడు. మేడం మంచిదే గానీ ముక్కు మీద కోపం. అతను రెండో టీ దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పుకుపోతుంటే పెన్ను బల్ల మీద పడేసింది.

"ఇంజను బరువు తగ్గించడానికి నూనె దారి సన్నం చేసిన మాట నిజమే. లెక్కలన్నీ చూసుకునే చేశాను. నీ ట్రాక్ మీద నిలబడింది కూడా. ఇప్పుడు మీ బావమరిది చేతిలో పోయిందని నా లెక్క తప్పనమంటావా? అతని సంగతి నువ్వు చెప్పిందే కదా, అతని చేతిలో ఏది నిలిచిందో ఒకటి చెప్పు."

మెత్తన్న లెక్కపెట్టడానికి వేళ్ళు మడవబోయి, మొదటి వేలు దగ్గరే ఆగిపోయాడు.

"ఎవడి చేతిలోనో పోతే అది చేతకానితనం. నీ చేతిలో పోతే అప్పుడు అది బండి లోపం. పోగొట్టి చూపించు, ఒప్పుకుంటాను" అంది మేడం.

సరే మేడం అని ట్రాక్ మీదకి కొత్త బండి తెప్పించుకున్నాడు. అక్కడ అసలు తంటా మొదలైంది. స్టార్ట్ చేసి వెంటనే గుంజుదామనుకుంటాడు, చెయ్యి కదలదు. కళ్ళు మూసుకుని గుంజాడు, మణికట్టు దానంతటదే వెనక్కి వచ్చేసింది. నాలుగు తిట్లు తిట్టుకుని చూశాడు. తిట్లకి బండి ఏమనుకుంటుందోనని చివరికి ట్యాంకు నిమిరాడు. ఇది ఒంటరిగా అయ్యే పని కాదని తెలిసి, సిగ్గు విడిచి బావమరిదికి కబురు పెట్టాడు.

కాపలావాడు భస్మాన్ని గేటు ముట్టుకోనివ్వకుండా, ట్రాక్ కంచె అవతలే నిలబడమన్నాడు. భస్మం అక్కడినుంచే పాఠం మొదలుపెట్టాడు.

"బావా, ఆలస్యమైపోయిందనుకో!"

"ఎక్కడికిరా?"

"ఎక్కడికైతేనేం! పక్కవాడు నీ మూట ఎత్తుకుపోతున్నాడు! పార్సిలేదని ఇంటాయన ఫోను మీద ఫోను! గుంజు!"

మెత్తన్న గుంజాడు. అరచేతిలో గాజుబొమ్మ ఉన్నంత జాగ్రత్తగా గుంజాడు.

"అది గుంజడం కాదు బావా, బుజ్జగించడం! బండి సంగతి మర్చిపో. అది బండి, పిల్ల కాదు. నాకు బండెక్కాక బండే గుర్తుండదు, వెళ్ళాల్సిన చోటే గుర్తుంటుంది."

ఆ మాట దగ్గర మెత్తన్న ఆగిపోయాడు. ఇన్నేళ్ళలో తను ఈ ట్రాక్ మీద ఎక్కడికీ వెళ్ళలేదు. బయలుదేరిన చోటికే తిరిగొచ్చాడు. తన కోసం ఎవరూ ఎక్కడా కాచుకుని లేరు. బండిని గారంగా చూసుకోవడం తప్ప ఇంకో పనే లేని మనిషి బండిని గారంగానే చూస్తాడు. ఇందులో నా గొప్పేముందని అనుకునేసరికి, ఇన్నాళ్ళూ మోసిన మీసం బరువు ఒక్కసారి దిగిపోయింది.

మర్నాడు పొద్దున్న ట్రాక్ దగ్గరికి కాలుగాలిన పిల్లిలా వచ్చాడు. తాళం, స్టార్టు, యాక్సిలరేటర్ ఒక్క దెబ్బన జరిగిపోయాయి. కంచె అవతల భస్మం ఈలలు వేశాడు. ఆ రోజు మొదలు ప్రతి పొద్దునా చల్లని ఇంజనునే గుంజాడు. రాత్రి చల్లబడనిచ్చి మళ్ళీ గుంజాడు. కొన్నాళ్ళకి, మిగతావాళ్ళెవరికీ వినబడకముందే అతనికి వినబడింది, ఇంజను తలలో సన్నగా ఇనుము ఇనుముని గీరుతున్న చప్పుడు. ఆ చప్పుడు ఏమిటో, ఎక్కడిదో అతనికి తెలుసు. ఇప్పుడు ఆపితే బతికిపోతుందని కూడా తెలుసు. ఏడుస్తూనే గుంజాడు.

ఇంజను విప్పిన రోజు మేడం స్వయంగా వచ్చింది. మూత తీసి క్యామ్ షాఫ్ట్ బయటికి తీశారు. చుట్టూ గీతలు. మేడం గోటితో ఒక గీతని తడిమింది. వేలికి అంటిన నల్లటి ఇనుప పొడిని వెలుతురుకి పట్టి చూసింది.

"ఇది నీ చేత్తోనే జరిగిందా?"

"నా చేత్తోనే మేడం. కొత్తగా ఏం చేయలేదు. పనికి ఆలస్యమైన మనిషిలా వెళ్ళాను, అంతే."

"మరి ఇన్నాళ్ళూ నువ్వు నాకు చేసిచ్చిన పరీక్షలు?"

నీళ్ళు నమిలితే సరిపోయేది. ఒప్పుకోవాల్సిన అవసరం కూడా లేదు, బండి లోపం అప్పటికే బల్ల మీద ఉంది. కానీ మెత్తన్నకి అబద్ధం రాలేదు.

"అవి పరీక్షలు కావు మేడం. గారాబం."

మేడం అక్కడికక్కడే ఫోను తీసి, ఆ మోడల్ బండి ఒక్కటి కూడా గేటు దాటకూడదని చెప్పింది. చెడినవాటన్నిటికీ కొత్త క్యామ్ షాఫ్టులు వేసివ్వమంది. వాడకం సరిగ్గా లేదని ఎవరెవరికి చెప్పారో వాళ్ళందరికీ క్షమాపణ చెప్పమంది. ముందుగా పార్సిళ్ళతని పేరుతో మొదలుపెట్టమంది. ఆ పేరేమిటని అటువైపువాళ్ళు అడిగితే, మెత్తన్నకి వెంటనే గుర్తురాక భార్యకి ఫోను చేసి కనుక్కోవాల్సొచ్చింది. భార్య పేరు చెప్పి, ఆ తర్వాత ఆగకుండా మాట్లాడటం మొదలుపెట్టింది.

మేడం వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "నూనె దారి వెడల్పు చేసి కొత్త ఇంజను గీస్తాను. దాన్ని ఎవరికివ్వమంటావు? నీ చేతికిస్తే మళ్ళీ పాసే."

మెత్తన్న కిటికీలోంచి చూశాడు. కంచె అవతల భస్మం ఎవరితోనో మాట్లాడుతూ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. స్తంభం అప్పుడే కాస్త వంగుతున్నట్టుంది. ఇన్నేళ్ళూ తన అన్నం తనకి పెట్టిన సీటు ఇక తనది కాదనుకుని మెత్తన్న మేడం వైపు తిరిగాడు.

"వాడికివ్వండి మేడం. వాడి చేతిలో నిలిస్తే లోకంలో ఎవరి చేతిలోనైనా నిలుస్తుంది. నన్ను మాత్రం అటువైపు రమ్మనకండి, నేను చూడలేను."