పది చుట్లకు పది మెలికలు

దారం సంగతి నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఇరవై రెండేళ్ళుగా కుట్టుమిషన్ మీద బతుకుతున్నదాన్ని. ఈ మాట నలుగురికీ నేనే చెప్పుకుంటాను కూడా. అదే నా కొంప ముంచింది.

మా ఆయనది తాళాలు బాగుచేసే దుకాణం. ఆరు రోజులు జనాల తలుపులు తెరుస్తారు, ఆదివారం గాలం కర్ర పట్టుకుని చెరువుకి పోతారు. ఆ కర్ర ఆయన మొదటి సంపాదనతో కొన్నది, పెళ్ళికంటే ముందుది. ఇంట్లో నాకంటే దానికే సీనియారిటీ ఎక్కువ. పన్నెండేళ్ళ కాపురంలో నేను దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు.

రెండు నెలల క్రితం ఆయన కొత్త గాలం దారమూ, మెరిసే రేకు ఎరా తెచ్చుకున్నారు. నీళ్ళలో లాగుతుంటే ఆ రేకు గిర్రున తిరుగుతుంది, చేప దాన్ని చేపపిల్ల అనుకుని నోరు తెరుస్తుంది. దారాన్ని కర్రకుండే రీలుకి ఎక్కించలేక ఆయన పడే అవస్థ నేను చూడలేకపోయాను.

"ఇటివ్వండి. దారం చుట్టడం కూడా రాకపోతే ఎలా?" అని లాక్కుని, దారం ఉండని మిషన్ మీది చువ్వకి గుచ్చి, బాబిన్‌కి చుట్టినంత నున్నగా రీలుకి చుట్టి ఇచ్చాను. ఆయన మురిసిపోయారు. నేను ఇంకా మురిసిపోయాను.

ఆ వారమే మొదలైంది. విసిరిన ప్రతిసారీ దారం వంకీలు తిరిగి, పిచ్చుక గూడులా ముద్దకట్టి, ఎర ఆయన కాళ్ళ ముందే పడేది. ఇంటికొచ్చి ఆ చిక్కులు తీసుకుంటుంటే నేను ఊరుకున్నానా?

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు దారం వంక చూస్తారేం? అది నేను చుట్టింది."

"నిజమే. నా చెయ్యే కుదరడం లేదు," అనేవారు.

మా అన్నయ్య బస్సు డ్రైవరు. ఆదివారాలు ఆయనకి తోడు వెళ్తాడు, చేపలకంటే నవ్వుకోవడానికే ఎక్కువ. చివరికి పందెం వేశాడు. నీళ్ళలో పాతిన గెడ ఒకటుంది, ఒడ్డుకి పాతిక గజాలు. మూడు విసుర్లలో ఒక్కసారైనా ఎర దాన్ని దాటాలి, లేకపోతే కర్ర అన్నయ్యది. మా ఆయన సరే అన్నారు. ఆ రోజు ఆయన అన్నం సరిగా తినలేదు.

శనివారం మధ్యాహ్నం ఆయన దుకాణంలో ఉండగా రీలు ముందేసుకు కూర్చున్నాను. గాలం దారం సన్నం, మెలిక కంటికి ఆనదు. అందుకని లంగా నాడా తీసి అలాగే చుట్టి చూశాను. పది చుట్లకు పది మెలికలు! బాబిన్ అయితే తనే తిరుగుతూ దారం చుట్టుకుంటుంది. ఈ రీలు కదలదు, పిడి తిప్పితే పైనున్న వంపు తీగ దాని చుట్టూ తిరుగుతూ దారం చుడుతుంది, చుట్టుకో మెలిక పెడుతుంది. ఈసారి నాడా ఉండని నేల మీద పడుకోబెట్టి పైనుంచి లాగాను. ఉండలోంచి వచ్చేటప్పుడు పడే మెలికకీ రీలు మీద పడే మెలికకీ చెల్లు, నాడా చదునుగా వచ్చింది. ఉండని బోర్లా తిప్పి పెడితే మెలిక రెట్టింపైంది.

తప్పు నాదే. ఎవరూ చూడలేదు. నాడా చుట్టి డబ్బాలో పెట్టేసి, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. సిగ్గుగా ఉంది చెప్పాలంటే.

ఆదివారం నేనూ వెళ్ళాను. మొదటి విసురు మళ్ళీ పిచ్చుక గూడే. అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

"చేతిలో లేనిది ఎక్కణ్ణుంచి వస్తుంది బావా?"

"అవును బావా, నా చెయ్యే," అన్నారు ఆయన, కర్రని ఒకసారి నిమిరి. అది చూసి ఇక ఆగలేకపోయాను.

"చెయ్యి కాదు, తప్పు నాది! చుట్టింది నేను, తప్పుగా చుట్టింది నేను!" అని అరిచేశాను. గట్టు మీదివాళ్ళంతా తిరిగి చూశారు. చూస్తే చూడనీ.

ఎర విప్పేసి, దారమంతా గడ్డి మీద పరిచి, వేళ్ళ మధ్య నొక్కిపట్టి మెల్లగా చుట్టాం. మెలికలన్నీ కొసకి జారి, అక్కడ గిరగిరా తిరిగి విడిపోయాయి. రేకు తిరిగినా దారం తిరక్కుండా మధ్యలో కట్టే చిన్న తిరుగుడు కొక్కెం అన్నయ్యే తన పెట్టెలోంచి తీసిచ్చాడు. నవ్వుతాడు గానీ చెడ్డవాడు కాదు.

రెండో విసురు బట్టలు ఉతికినట్టు విసిరారు, గెడకి ఇవతలే పడింది.

"భుజమంతా ఎందుకండీ? మిషన్ చక్రం నేను భుజంతో తిప్పుతానా? మణికట్టు చాలు."

మూడోసారి మోచెయ్యి ఒంటికి ఆనించి మణికట్టు విదిలించారు. ఎర గెడ మీదుగా పోయింది. నీళ్ళని తాకబోతుండగా దారానికి వేలు ఆన్చి, కొత్త మెలిక పడకుండా రీలు తీగని పిడి తిప్పి కాక చేత్తోనే మూశారు. ఒక్క వంకీ లేదు.

దారిలో అనుమానం వచ్చింది. తాళం కప్పలో వెంట్రుకంత తేడా పట్టే మనిషికి ఇది తెలియదా?

"మీకు ముందే తెలుసు కదూ?"

"మొదటి వారమే తెలిసింది."

"మరి చెప్పి చావరేం? కర్ర పోయేది కదా!"

"పన్నెండేళ్ళకి మొదటిసారి నా రీలు ముట్టుకున్నావు. తప్పంటే ఇంకెప్పుడూ ముట్టుకోవని భయమేసింది."

నాకు ఏడుపొచ్చింది, ఒళ్ళూ మండింది. రెండు నెలలు నా చేత మద్దెల సామెత చెప్పించుకుని ఊరుకున్నాడా ఈ మహానుభావుడు!

"ఆ కర్ర ఇటివ్వండి, వచ్చే ఆదివారం నేనూ విసురుతాను," అని లాక్కున్నాను. ఇంటిదాకా నేనే మోశాను.