ఏనుగును కట్టిన దూలం

మా ఎదురింటి మహానంది వసారా దూలం పుచ్చిపోయిందని చెదలకు తెలుసు, ఊరికి తెలుసు. మహానందికి మాత్రం తెలియదు. ఆ చెదలు తిని తిని ఎంత బలిశాయంటే, మధ్యాహ్నం పూట అవి నమిలే చప్పుడుకు మా ఇంట్లో నాకు కునుకు పట్టేది కాదు. మహానందేమో దూలానికి లప్పం పూసి, పైన ఎర్రరంగు కొట్టి, దాని కింద నిలబడి మీసం దువ్వుకునేవాడు.

ఆ దూలం కిందే అతని పెండ్లాం ఈరక్క పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతుంది. మొన్నటి వానకు మిద్దె మీది మన్ను నాని బరువెక్కింది. దూలం నుంచి జానెడు పెచ్చు ఊడి పెనం మీద పడింది. కాస్త ఇవతల పడివుంటే ఈరక్క నెత్తి మీదే.

ఆమె వెంటనే వడ్రంగి ఓబన్నను పిలిపించింది. ఓబన్న నిచ్చెనెక్కి ఉలి గుచ్చితే పిడిదాకా దిగిపోయింది.

"ఏమప్పా మహానందీ, ఇది దూలమా, మాగిన సీతాఫలమా? మన్ను దింపి, గుంజలు ఆనించి, కొత్త యాపదూలం ఎక్కించల్ల."

"దిగు కిందికి! నవాబు ఏనుగును కట్టేసిన మాను అది. మా తాత తెచ్చి దూలం జేసినాడు. ఇట్లాంటిది ఇంగ యాడన్నా ఉండాదా? దాన్ని తీసేస్తే మా ఇంటికీ మీ ఇంటికీ తేడా ఏముంటాది?"

ఓబన్న ఉలి దులుపుకొని దిగాడు. ఈరక్క ఎదురుగా మా అరుగు మీద కూర్చున్న నా వైపు చూసింది. చూడక ఏం చేస్తుంది? ఆ ఏనుగును ఆ దూలానికి కట్టింది నేనే. ముప్పై ఏళ్ల కిందట ఇదే అరుగు మీద పొద్దుపోక చెప్పిన కథ. ఆ ఏనుగు తుమ్మితే తుంగభద్రలో పుట్టీలు బోర్లాపడేవని కూడా చెప్పాను. మీసాలు వచ్చిన మనిషి, అదీ నమ్మాడు.

"చిన్నాయనా, నువ్వు కట్టిన ఏనుగును నువ్వే ఇప్పు," అంది ఈరక్క. "లేకుంటే ఈ పొయ్యికాడ్నే నాకు పాడె గట్టల్ల."

సరేనని నిజం చెప్పాను. "మహానందీ, ఏనుగూ లేదు, నవాబూ లేడు. వరదకు వంకలో పడిపోయిన తుమ్మమాను అది. మీ తాతా మా నాయనా ఎద్దులు గట్టి ఈడ్సుకొచ్చినారు. ఎనకాల నేనే ఎద్దుల్ని అదిలిస్తా వచ్చినా."

మహానంది నవ్వాడు. "నీవన్నీ అబద్ధాలని ఊరంతా ఎరుగును మామా. మా దూలమంటే నీకు శానా కుళ్లు."

డెబ్బై ఐదేళ్లలో నేను నిజం చెప్పింది రెండోసారో, మూడోసారో. దానికి దక్కిన మర్యాద ఇది. రొట్టెల కోసం పదిమంది చేరేదాకా ఆగి, గొంతు తగ్గించి, అందరికీ వినబడేలా అన్నాను:

"నీ పరువు పోతాదని ఇన్నాళ్లు దాచినాలే అప్పా. నవాబు నిజమే, మానూ నిజమే. దానికి కట్టింది మాత్రం ఏనుగును కాదు, గాడిదను. నవాబు బట్టలు మోసే కుంటిగాడిదను. పదేండ్లు అది ఆ మానుకే ఒళ్లు రుద్దుకునింది. మీ తాత సిగ్గుపడి, ఏనుగని చెప్పమన్నాడు."

జనం తలెత్తి దూలాన్ని చూశారు. తర్వాత మహానందిని చూశారు. వెనక నుంచి ఎవరో సన్నగా ఓండ్రపెట్టారు.

నిజం గొంతు దిగని మనిషి గాడిదను గుటుక్కున మింగేశాడు. "ఓబన్నా!" అని వీధి చివరిదాకా కేక పెట్టాడు. పొద్దుగూకేలోపు మన్ను దిగింది, దూలం దిగింది. మూడో రోజుకు యాపదూలం ఎక్కింది. పాతదానిలో పుచ్చు పోగా మిగిలిన చేవ ముక్కలను ఈరక్క పొయ్యిలోకి కొట్టించుకుంది.

మరునాడు రొట్టెకు వెళ్లాను. ఈరక్క పైకి చూడకుండా, రెండు చేతులా రొట్టె తడుతోంది. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మనిషెవరో రొట్టె భలే పొంగిందని మెచ్చుకున్నాడు.

మహానంది మీసం దువ్వాడు. "కట్టె అట్లాంటిదప్పా. నవాబు ఏనుగును కట్టిన మాను!"

నేను గొంతు సవరించుకున్నాను. ఈరక్క గబుక్కున నా చేతిలో ఇంకో రొట్టె పెట్టింది.

"తిను చిన్నాయనా. నోరు ఖాళీగా పెట్టొద్దు."