అనుమానం గారి పార్సిల్

"నిన్న ఎన్ని ప్లేట్లు లేచాయి?"

సిమెంటు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటాయన చెప్పిన సంఖ్య విని, హెడ్డాఫీసు లెక్కలాయన ఫోను పెట్టేసి రంగుల ఫ్యాక్టరీకి కలిపాడు. అక్కడా అదే ప్రశ్న. తర్వాత టైర్ల ఫ్యాక్టరీ. పలకరింపులు, కుశల ప్రశ్నలు ఏమీ లేవు. అవతలివాళ్లకూ అలవాటైపోయింది. ఎత్తగానే సంఖ్య చెప్పి పెట్టేస్తారు.

సంస్థకున్న వ్యాపారాలన్నిటి లెక్కలనూ ఒక్క పట్టికలోకి తేవడం ఆయన ఉద్యోగం. సిమెంటుకో వరుస, రంగులకో వరుస, టైర్లకో వరుస, కుట్టుమిషన్లకో వరుస. ఏది ఎంత అమ్మిందో, ఎంత మిగిల్చిందో వాటాదారులకు విడివిడిగా చూపాలి. మొత్తం అమ్మకాల్లో పదోవంతు ఉన్న వ్యాపారానికే సొంత వరుస. అంతకు తగ్గితే అడుగున 'ఇతరములు' అనే వరుసలో కలిపేస్తారు. ఇతరములంటే ఇంట్లో అటక లాంటిది. ఎక్కించేటప్పుడు అందరూ ఓ చెయ్యి వేస్తారు, మళ్లీ ఎవరూ తలెత్తి చూడరు. అగరుబత్తుల వ్యాపారం, తాళాల వ్యాపారం అలా ఎక్కే మూతపడ్డాయి.

అందుకే ఫ్యాక్టరీలవాళ్లు లెక్కలు వండుతారని ఆయన నమ్మకం. లెక్కలు వండేవాడు అబద్ధమాడతాడు గానీ భోజనం వండేవాడు ఆడడు. పని ఉన్నచోట ఆకలి ఉంటుంది. ప్లేట్లు తగ్గాయంటే పని తగ్గినట్టే.

మనిషి సన్నగా, మెడ పొడుగ్గా ఉంటాడు. ఎవరేం చెప్పినా ఎడమ కన్ను కాస్త చికిలించి వింటాడు. ఇంటికి వెళ్తూ సొరుగుకు తాళం వేసి, మెట్ల దాకా వెళ్లి, వెనక్కొచ్చి మళ్లీ లాగి చూస్తాడు. పొద్దున పాలగిన్నె వాసన చూశాక గానీ కాఫీ పెట్టనివ్వడు. "నన్నూ ఓసారి వాసన చూడండి, విరిగానేమో!" అంటుంది భార్య. ఆఫీసులో ఆయన్ని వెనక 'అనుమానం గారు' అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఎవరు పెట్టారో అన్నదే అనుమానం.

కుట్టుమిషన్ల కాగితాలు విప్పగానే ఎడమ కన్ను చికిలించాడు. ఏటా తగ్గుతూ వస్తున్న అమ్మకాలు, ఈ ఏడు పదోవంతు గీత దాటాయి. దాటింది గోరంతే. ఆ గోరంతా కొన్నది ఎవరయ్యా అంటే, సంస్థ సొంత దుస్తుల విభాగమే. ఇంట్లోవాళ్లకు అమ్మినా అమ్మకం కిందే లెక్క, నిబంధన ఒప్పుకుంటుంది. కానీ నిజంగా చేసి అమ్మారా, పాత మిషన్లను ఈ షెడ్డులోంచి ఆ షెడ్డులోకి తోశారా?

అక్కడి క్యాంటీన్‌కు ఫోను చేశాడు.

"ప్లేట్లా సార్? సగానికి పడిపోయాయి," అంది వంటావిడ.

తీగ లాగితే డొంకంతా కదిలింది అనుకున్నాడు. ఆ ఫ్యాక్టరీ అకౌంటెంటు మీద ఆయనకు మొదట్నించీ అనుమానమే. ఎన్నడూ ముఖం చూడలేదు, గొంతే పరిచయం. 'అన్నగారూ' అని నోరారా పిలుస్తాడు. ఊరికే ఎవరైనా అంత తియ్యగా పిలుస్తారా? ఎప్పుడో ఒక పార్సిల్ కూడా పంపాడు. లంచమే అనుకుని ఈయన విప్పలేదు. తిప్పి పంపితే ముట్టుకున్నట్టు సాక్ష్యమవుతుందని తిప్పీ పంపలేదు. బల్ల కింద అట్టపెట్టెగా పడి ఉంటే, దాని మీద కాళ్లు పెట్టుకుంటున్నాడు. కూర్చునేది మాత్రం చెక్క కుర్చీ. నడుము పట్టేస్తుంది. మెత్తటి కుర్చీ ఇస్తామంటే, ఎందుకిస్తున్నారని అడిగాడు. వాళ్లు మానుకున్నారు.

మేనేజరు మేడం గదిలోకి వెళ్లాడు.

"కుట్టుమిషన్లను ఇతరముల్లో కలపాలండీ. ఆ అమ్మకాలు నమ్మేలా లేవు."

"మీరు అనుమానించారంటే ఇక నేను చూసేదేముంది?" అందావిడ. "సాయంత్రం ప్రింటుకు పంపేస్తున్నాను. వరుస తీసేయండి."

తీసేశాడు. ఒక్క గీత కొట్టడమే.

మధ్యాహ్నం సీటులోనే భోజనం డబ్బా విప్పాడు. కింద క్యాంటీన్ ఉంది గానీ, అక్కడి నూనె మీద నమ్మకం లేక ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఒక్క పూట తినలేదు. అటెండరు నీళ్లు పెడుతూ నవ్వాడు.

"క్యాంటీన్ వాళ్లనడిగితే అసలు మీరీ ఆఫీసులోనే లేరంటారండీ."

నోటి దాకా వెళ్లిన ముద్ద ఆగిపోయింది. చెయ్యి కడుక్కోకుండానే ఎడమచేత్తో కుట్టుమిషన్ల క్యాంటీన్‌కు ఫోను తిప్పాడు.

"అమ్మా, ప్లేట్లు సరే. పనికి ఎంతమంది వస్తున్నారు?"

"అందరూ వస్తున్నారు సార్. ఇంకో రెండు గంటలు ఎక్కువే చేస్తున్నారు. ఇంటినుంచి డబ్బాలు తెచ్చుకుంటున్నారంతే. క్యాంటీన్ ఖర్చు తగ్గితే ఫ్యాక్టరీ నిలబడుతుందేమోనని వాళ్ల ఆశ."

"ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"మీరెప్పుడూ ప్లేట్లే అడుగుతారు. మనుషుల్ని ఎప్పుడడిగారు?"

ఆయనకు సిగ్గేసింది. ఇన్నేళ్లలో ఎన్ని ఫ్యాక్టరీలను ఇలా ప్లేట్లతో తూచాడో! తాళాలవాళ్లూ డబ్బాలే తెచ్చుకున్నారేమో, ఎవరికి తెలుసు? ఎంగిలి చేత్తోనే మేడం గదికి పరుగెత్తాడు.

"వరుస మళ్లీ పెట్టాలండీ. ఆ అమ్మకాలు నిజమే."

"పొద్దున నమ్మేలా లేవన్నారు?"

"ఇప్పుడు నమ్ముతున్నాను."

"మీరా!" అందావిడ. ఆ మాటకు వాదించే ఓపిక లేక, ప్రింటుకు వెళ్లబోతున్న పేజీ ఆయన చేతికే ఇచ్చింది. ఆయన కుట్టుమిషన్లను టైర్ల కింద తిరిగి రాసి, రెండుసార్లు చూసుకున్నాడు.

సాయంత్రం కుట్టుమిషన్ల అకౌంటెంటు ఫోను చేశాడు.

"వరుస నిలిచిందట కదా అన్నగారూ! ఇక్కడ ఒకటే సందడి." అంతలోనే అడిగాడు. "ఆ పార్సిల్ ఎప్పుడైనా విప్పారా?"

ఆయన పాదాల కిందికి చూసుకున్నాడు. ఎడమ కన్ను చికిలించలేదు.

"రేపు విప్పుతాలేవయ్యా," అన్నాడు.

ఆ సాయంత్రం సొరుగుకు తాళం వేసి, మెట్లు దిగిపోయాడు. వెనక్కి రాలేదని అటెండరు తర్వాత అందరికీ చెప్పాడు.

మర్నాడు ఆయన భార్య ఆఫీసుకు ఫోను చేసింది. "నిద్రలోనే పోయారండీ," అంది. "పొద్దున పాలు పొంగిపోతున్నా లేవలేదు."

వారం తర్వాత బల్ల ఖాళీ చేస్తూ అటెండరు ఆ పెట్టె కోశాడు. లోపల కుర్చీలో వేసుకునే దిండు ఒకటి ఉంది. నీలం గుడ్డ, అంచు చుట్టూ దగ్గర దగ్గరగా మిషన్ కుట్టు. అటెండరు అకౌంటెంటుకు ఫోను చేసి అడిగాడు.

"నడుము నొప్పి అని ఒకసారి నోరు జారారయ్యా," అన్నాడతను. "మా ఫ్యాక్టరీ ఆడవాళ్లు కొత్త మిషన్ మీద మొదటి కుట్టు దానికే వేశారు."

అటెండరు దాన్ని ఆ చెక్క కుర్చీలోనే వేశాడు. ఆ సీటులోకి కొత్తగా వచ్చినాయన దిండును ఎత్తి, అటూ ఇటూ తిప్పి, ఎవరు పెట్టారిది అని అడిగి, కిటికీ గట్టు మీద పెట్టేశాడు. అది అక్కడే ఉంది, ఎవరూ కూర్చోనందున మధ్యలో ఇంకా ఉబ్బెత్తుగా.