ఎల్లయ్య మూడోసారి

మన్సూరాబాద్‌లోని ఆ కాలనీలో వినాయకుడి లడ్డూ వేలమంటే ఎల్లయ్య గొంతే. ఇరవై రెండేళ్లుగా మైకు ఆయనదే. అలాంటి మనిషి నిరుడు ‘రెండోసారి’ దగ్గర దగ్గుతో కూలబడ్డాడు. కమిటీ పెద్ద బాల్‌రాజ్ మైకు లాక్కొని మూడోసారి తనే అనేశాడు. ఎంత అవమానం!

ఈ ఏడు పందిరి వేయకముందే కబురొచ్చింది.

"కాకా, ఈసారి జర కూసోరాదే. మన కమిటీ పోరడు అభిలాష్ మైకు పడతడు" అన్నాడు బాల్‌రాజ్.

"నా పానం ఉండంగ ఎవ్వనికియ్య!" అన్నాడేగానీ, ఆ ఒక్క మాటకే ఎల్లయ్యకు ఆయాసం ముంచుకొచ్చింది.

మర్నాడే దిల్‌సుఖ్‌నగర్‌లోని ఊపిరితిత్తుల దవాఖానకు పరుగెత్తి, నర్సు సింధు మీద విరుచుకుపడ్డాడు.

"గీ మందు దండుగ బిడ్డా! ఆర్నెల్ల సంది పూటకొక గోలీ మింగుతున్న. ఇంత గుణం లేదు."

"మింగుతున్నారా? అయ్యో బాబాయ్‌గారూ, అది పీల్చే మందండీ! దాంతోపాటు ఇచ్చిన ప్లాస్టిక్ పరికరం ఏది?"

"గదా? ఊదే సీటీ అనుకొని మనుమరాలికిచ్చిన."

సింధు నవ్వాపుకోలేకపోయింది. కొత్తది తెచ్చి, గోలీ అందులో పెట్టి తిప్పించింది. "ఊపిరంతా వదలండి. ఇప్పుడు ఇది నోట్లో పెట్టుకొని గట్టిగా లాగి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టండి." పరికరం లోపల గోలీ గరగరమంది.

ఇక చూడాలి ఎల్లయ్యను! పూట తప్పితే ఒట్టు. మూడో వారానికి మేడెక్కి "ఒకటోసారీ" అని అరవసాగాడు.

"బాగైంది గద, ఇగ మందు బంద్ చెయ్యరాదు?" అంది భార్య సత్తెమ్మ.

"మైకన్న ఇడుస్త గని గిది ఇడవ."

వేలం రోజు బాల్‌రాజ్ అనుమానంగానే మైకిచ్చాడు. గంగాధరరావు అనే రిటైర్డ్ లెక్చరర్ దగ్గుతూనే చెయ్యెత్తి పాట పెంచుకుంటూ పోయాడు. "ఒకటోసారీ... రెండోసారీ..." బాల్‌రాజ్ చెయ్యి మైకు వైపు జరిగింది. "మూడో... సారీ!" డప్పులు దద్దరిల్లాయి. సంతోషం పట్టలేక ఎల్లయ్య ఏడ్చేశాడు.

లడ్డూ అందుకోవడానికి గంగాధరరావు వేదికెక్కాడు. ఆయాసం ఆగక, జేబులోంచి గోలీ తీసి "కాసిని నీళ్లివ్వండి" అన్నాడు. ఎల్లయ్య దాన్ని చూడగానే గుర్తుపట్టాడు.

"రావు సాబ్, మింగకుండ్రి!"

చేతిలో మైకుందన్న సంగతే మరిచిపోయాడు. కాలనీ అంతా బిత్తరపోయింది. సిగ్గు పక్కనపెట్టి, తన పరికరం తీసి అందరికీ చూపించాడు. "గిండ్ల పెట్టి పీల్చాలె. నేను గూడ ఆర్నెల్లు మింగిన."

లడ్డూ ముందు నిలబడి గంగాధరరావు నోరెళ్లబెట్టాడు.

"నేను రెండేళ్లుగా మింగుతున్నానండీ!"