ఐదున్నర టిక్కు

ప్రిన్సిపల్ మేడమ్ క్లాసు మధ్యలో దూసుకొచ్చి అక్క చేతిలోంచి మైకు లాక్కుంది.

"ఇక చాలమ్మా. ఈ కట్టుకథలు మా పిల్లలకొద్దు."

నలభైమంది నర్సింగ్ విద్యార్థులు బిగుసుకుపోయారు. పాఠం చెబుతున్నది డాక్టరు కాదు, నర్సూ కాదు. పన్నెండేళ్ల కిందట ఇదే ఆసుపత్రి మానసిక వార్డులో పేషెంటు. మంచం మీద పడుకున్న మనిషికి వార్డు ఎలా కనిపిస్తుందో చెప్పడానికి వారానికో గంట వస్తుంది. ఆమెను పిలిపించింది నేను, ఈ కాలేజీలో ట్యూటర్‌ని. ఏడాది తిరిగేసరికి అందరికీ అక్క అయిపోయింది.

"కట్టుకథ ఏది మేడమ్?" అక్క నెమ్మదిగానే అడిగింది.

"పొద్దున్నించి సాయంత్రం దాకా మంచానికి కట్టేశారనీ, ఒక్కరూ తొంగిచూడలేదనీ చెబుతున్నావట. ఆసుపత్రి వాళ్లు నీ పాత ఫైలు పంపారు." మేడమ్ దాన్ని బల్ల మీద పడేసింది. "కట్టిన మనిషిని పావుగంటకోసారి చూసి చార్టులో టిక్కు పెట్టాలి. పెట్టారు. గంటగంటకీ నీళ్లు కూడా ఇచ్చారు. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"నా ఫైలు నన్నడక్కుండానే తెచ్చేశారా?" అక్క నవ్వింది. "నన్ను పిచ్చిదంటే పడతాను మేడమ్, దానికి సర్టిఫికెట్ ఉంది. అబద్ధాలకోరంటేనే ఒప్పుకోను."

ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. అక్క కుడి అరచేత్తో ఫైలును తనవైపు జరుపుకుంది. ఆ చేతి మూడు వేళ్లు ముడుచుకోవు. అప్పుడు మంచానికి కట్టిన పట్టీ నరాన్ని నొక్కేసిన గుర్తు. ఈ గంట కూడా పోతే ఆమెకు మిగిలేది ఆ చేయీ, ఎవరూ నమ్మని మాటా.

మేడమ్ నావైపు తిరిగింది. "మీరేమంటారు ట్యూటర్ గారూ?"

నేను నీళ్లు నమిలాను.

ముందు బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. అడిగిన ప్రశ్నే పది రకాలుగా అడుగుతుందని తోటివాళ్లు ఆమెకు లాయరమ్మ అని పేరు పెట్టారు.

"అక్కా, ఫైలు నేను చూడొచ్చా?"

"చూడు తల్లీ. నువ్వైనా అడిగావు."

లాయరమ్మ గబగబా కాగితాలు తిరగేసి ఒకచోట ఆగింది.

"మేడమ్, ఐదున్నరకు టిక్కు పెట్టి, నీళ్లు తాగిందని రాశారు. కానీ చేయి వాచిపోయిందని అక్కను సర్జరీ వార్డుకు మార్చింది నాలుగున్నరకి. అక్కడి అడ్మిషన్ కాగితం ఇదిగో. మనిషే లేని మంచం దగ్గర నీళ్లెవరు తాగారు?"

మేడమ్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది.

"రోజు మొత్తానికీ ముందే టిక్కులు కొట్టేశారు," అంది లాయరమ్మ. "సంతకం మాత్రం ఉత్త గిలుకుడు, పేరు చదవలేం."

"అది ఎవరిదో తేలకపోతే రాతపొరపాటంటారు ఆసుపత్రి వాళ్లు." మేడమ్ గొంతు తగ్గింది కానీ మాట మారలేదు. "తేలేదాకా క్లాసు ఆపాల్సిందే."

"నాకు ఆ నర్సు మొహం గుర్తులేదు మేడమ్. మందుల మత్తులో ఉన్నాను." అక్క సంచి భుజాన వేసుకుంది. "ఇప్పుడెక్కడని వెతుకుతారు? వస్తాను పిల్లలూ."

ఏడాదిగా ప్రతి వారం ఆ వేళ్లను చూశాను. ఆమెకు టీ కలిపిచ్చాను. ఈ వారం చెబుదాం, వచ్చే వారం చెబుదాం అనుకున్నాను. పిలిపించి పాఠం చెప్పించడంతో నా బాకీ తీరినట్టే అనుకున్నాను. ఇందాక అడిగితే కూడా నోరు విప్పలేదు. అక్క గుమ్మం దాకా వెళ్లిపోయింది.

"ఆగక్కా!"

నలభై తలలు నావైపు తిరిగాయి.

"ఆ సంతకం నాది. పొద్దున ఎనిమిదిన్నరకే టిక్కులన్నీ పెట్టేసి, పక్క గదిలో కూర్చున్నాను. నీళ్లు, నీళ్లు అని అరిచారు మీరు. విన్నాను. రాలేదు. ఆ నర్సును నేనే అక్కా."