దోస్తుల సినిమాలు, సారంగపాణి దెబ్బ

దోస్తుల సినిమాల మీద నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. అయినా చెప్తాను. నాకు సినిమా పిచ్చేమీ లేదు. మా కార్ఖానాకు సెలవున్న ఆదివారం హనుమకొండ పోయి, ఏది ఆడుతుంటే దాంట్లో కూర్చుని వచ్చే రకం. పక్క సీట్లో ఎప్పుడూ సారంగపాణే. ఈ మధ్య మాకు దొరికినవన్నీ దోస్తుల కామెడీలే. ముగ్గురు మిత్రులు, ఒక కారు, ఒక సముద్రపు ఊరు, పెట్టెల కొద్దీ బీరు. ఒకడు ప్రేమలో పడతాడు, ఒకడు పోలీసుల చేతిలో పడతాడు, మూడోవాడు ఊరికే కింద పడతాడు.

నా మొదటి మంట ఏమిటంటే, వీళ్లలో ఒక్కడికీ పని ఉండదు. ఉన్నా ఇంటర్వెల్ లోపలే ఊడగొట్టుకుంటారు. పొద్దంతా పక్కపక్కన కూర్చుని పని చేసుకునే దోస్తులను ఏ సినిమాలోనూ చూపించరు. పెళ్లాలంటే పీడ అన్నట్టు మాట్లాడతారు. ఇదివరకు మన యాస కమెడియన్ నోట్లోనే ఉండేది. ఇప్పుడు హీరోకీ ఇచ్చారు, సంతోషమే. కానీ వాడు దాన్ని ముందురోజు బట్టీపట్టి వచ్చినట్టు పలుకుతాడు. అన్నిటికంటే ఒళ్లు మండేది సెకండాఫ్. ఒకడు ఇంకొకణ్ణి అపార్థం చేసుకుంటాడు. నోరు తెరిచి ఒక్క ముక్క అడిగితే తేలిపోయే సంగతి. అడగరు. ముఖాలు తిప్పుకుని, ఏడుపు పాట పాడుకుని, మన ప్రాణం తీసి చివర్లో కావలించుకుంటారు.

సారంగపాణి అన్నిటికీ నవ్వుతాడు. సినిమా వదిలాక బండ్ల స్టాండులో నేను తిట్టడం మొదలుపెడితే దానికీ నవ్వుతాడు. నాకు బుచ్చిరాములు అని పేరుంది గానీ, ఆ స్టాండులో అతను నన్ను సెన్సారు అని పిలుస్తాడు.

మేమిద్దరం కొత్తవాడలో దర్రీలు నేస్తాం. పెళ్లిళ్లలో కింద పరుస్తారే, ఆ జంపఖానాలే. పెద్ద దర్రీ ఒక్కడి వల్ల కాదు. ఒకే మగ్గం ముందు, ఒకే బల్ల మీద ఇద్దరు కూర్చుని చెరి సగం నేయాలి. దారం వేశాక పంజాతో, అంటే పళ్లున్న ఇనుప దువ్వెనతో, కొట్టి బిగించాలి. ఇద్దరి దెబ్బా సమానంగా పడాలి. ఒకరి దెబ్బ మెత్తబడితే అటువైపు నేత వదులై, పక్కవాడి సగం కంటే ఎత్తుగా పెరుగుతుంది. ఎడమ సగం నాది, కుడి సగం సారంగపాణిది. మా పెళ్లిళ్లు కాకముందు నుంచీ అంతే.

మాలో ఒక కట్టుబాటు ఉంది. బల్ల మీద జోడీగా కూర్చున్నవాడితో ‘నీ దెబ్బ తగ్గింది’ అనకూడదు. జోడీవాడు ఆ మాట అన్నాడంటే, విన్నవాడు లేచిపోవాల్సిందే. మళ్లీ మగ్గం ఎక్కడు. రాట్నం దగ్గర కూర్చుని కండెలకు దారం చుట్టుకోవాలి. అందుకే మాకు అది బూతు కంటే పెద్ద మాట.

మొన్న చలికాలంలో ఒక ఫంక్షన్ హాలు కోసం పెద్ద దర్రీ మొదలుపెట్టాం. కొన్నాళ్లకు చూద్దును కదా, సారంగపాణి వైపు వేలెడు ఎత్తు లేచి ఉంది. ఆ ఆదివారం సినిమాలో అతను నవ్వుతూనే కుడి భుజం పిసుక్కోవడం కూడా చూశాను. ఇంకేముంది, చెయ్యి పోయింది అనుకున్నాను. చెబితే లేచిపోతాడు. అతను పక్కన లేకుండా మగ్గం ముందు కూర్చోవడం నాకు చేతకాదు, కూర్చోవాలనీ లేదు.

అందుకని నేనే నా దెబ్బ కాస్త తగ్గించాను. రెండు వైపులూ సమానమయ్యాయి. కొన్నాళ్లకు మళ్లీ అతని వైపు లేచింది. నేను మళ్లీ తగ్గించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆదివారాలు మాత్రం మానలేదు. ఒక సినిమాలో ఇద్దరు మిత్రులు ఒకరి మంచి కోసం ఒకరు అబద్ధాలాడుతుంటే, వీళ్ల నోళ్లు పడిపోయాయా అని పైకే తిట్టాను. ఆ రోజు సారంగపాణి నవ్వలేదు.

దర్రీని మగ్గం మీంచి దించే రోజు వచ్చింది. కార్ఖానా నడిపే ఓంప్రకాశ్ ఒక కొస పట్టి లేపాడు. బిర్రుగా నిలబడాల్సింది తడి తువ్వాలులా వేలాడింది. ఆయన అరిచే మనిషి కాదు. అటు పక్కా ఇటు పక్కా నొక్కి చూసి, రెండూ ఒకే తీరుగా ఉన్నాయన్నాడు. ఇది హాలుకు ఇవ్వలేం, ఇంకోటి నేయాలన్నాడు. దర్రీ కొస వదిలేసి అడిగాడు.

“ఎవలి చెయ్యి తగ్గింది? అడగొద్దు గని, అడగక తప్పుతలేదు.”

నేను నోరు తెరిచేలోపే సారంగపాణి అన్నాడు. “నాదే.”

ఎంత నిజాయితీ గలవాడు అనుకుని బాధపడ్డాను. మర్నాడు అతన్ని రాట్నం దగ్గర కూర్చోబెట్టారు. మా కార్ఖానాలో కండెలు చుట్టేది ఆడవాళ్లే. వాళ్లలో సమ్మమ్మ జరిగి చోటిచ్చింది. బల్ల మీద అతని చోటులోకి మొగిలయ్య వచ్చాడు. మా ఈడువాడే, మంచి పనివాడు.

ఇక ఎవరి కోసమూ తగ్గించాల్సిన పని లేదు కనుక ఆ రోజు ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. చలిలోనూ చెమట పట్టింది. మధ్యాహ్నం అన్నానికి లేస్తూ నేత మీద చెయ్యి పెట్టి చూశాను. ఎత్తుగా ఉన్నది నా వైపు. మొగిలయ్య వైపు గట్టిగా, కిందికి దిగి ఉంది. మొగిలయ్యా చూశాడు. కట్టుబాటు తెలిసినవాడు కనుక కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు.

దెబ్బ తగ్గింది నాది. ఆ సంగతి నాకు తెలియదు, సారంగపాణికి తెలుసు. అది బయటపడకుండా తన దెబ్బ తగ్గించుకున్నాడు. ఒక్కోసారి కావలసినదానికంటే ఎక్కువ తగ్గించేసరికి అతని వైపు లేచింది. అది చూసి నేను తగ్గించాను, నన్ను చూసి అతను ఇంకా తగ్గించాడు. అలా ఇద్దరం కలిసి ఆ దర్రీని తువ్వాలు చేశాం. అతని భుజం నొప్పీ అందుకే. సత్తువ ఉన్న చేతిని పొద్దంతా ఆపి పట్టుకోవడం కొట్టడం కంటే కష్టం. నాకు సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా ఏడుపొచ్చింది.

రాట్నం దగ్గరికి పోయాను.

“లేవురా. అది నా జాగ.”

సారంగపాణి కండె మీంచి చూపు తీయలేదు. “నిన్ను ఎవలన్న అన్నరా?”

“ఎవలు అనలే. నాకే తెల్సింది.”

“ఎవలు అననప్పుడు నువ్వెందుకు దిగుతానవ్? పోయి కూసో.”

“గింతగనం ఎందుకు జేసినవ్ రా?”

అప్పుడు తలెత్తి చూశాడు. “మరి నేనెవలి పక్కకు కూసోవాలె?”

నేను చేసిందీ అందుకే. సమ్మమ్మ దారం పట్టుకుని మా ఇద్దరి వంకా చూస్తోంది. ఓంప్రకాశ్ దగ్గరికి పోయి సంగతంతా నేనే చెప్పాను. ఆయన విని, ఒక నిట్టూర్పు విడిచి, సారంగపాణిని బల్ల ఎక్కమన్నాడు. సారంగపాణి వెంటనే కదల్లేదు. నేను రెక్క పట్టి లేపాల్సి వచ్చింది. ఆ వెచ్చటి చోటులో నేను కూర్చున్నాను.

రాట్నం దగ్గరి నుంచి మగ్గం కనిపించదు, వినిపిస్తుంది. మొగిలయ్య దెబ్బ ఖణీమని పడుతోంది. దాని వెనకే సారంగపాణిది, మెత్తగా. పక్కన నేను లేను. అయినా ఆ చెయ్యి అలవాటు కొద్దీ ఇంకా నా కోసమే పడుతోంది. సాయంత్రం దాకా అంతే. మర్నాడు పొద్దున కూడా అంతే. ఇలాగే పోతే అతని వైపు లేస్తుంది, ఈసారి ఓంప్రకాశ్ అతన్ని నిజంగానే దించేస్తాడు. మొగిలయ్య జోడీవాడు, అనకూడదు. నేనిప్పుడు జోడీవాణ్ణి కాను. నేను అనొచ్చు.

నేను జోడీవాణ్ణి కానని నాకు నేను చెప్పుకోవడానికే చాలాసేపు పట్టింది. తర్వాత రాట్నం ఆపాను. కార్ఖానా అంతా వినేటట్టు అన్నాను.

“సారంగం, నీ దెబ్బ తగ్గింది.”

పని ఆగిపోయింది. సమ్మమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. చెవి మగ్గం వైపు పెట్టాను. లేచిపోతున్నాడేమోనని భయపడ్డాను.

అప్పుడు పడింది దెబ్బ. మగ్గం గుంజలు అదిరాయి. నా చేతిలోని దారం కూడా వణికింది. వెంటనే ఇంకొకటి, అంతే గట్టిగా. అతని చేతిలో అంత దెబ్బ నేను చివరిసారి విన్నది నా పిల్లలు బడికి పోయే రోజుల్లో. అంటే అతను చెయ్యి ఆపుకోవడం మొదలుపెట్టింది మొన్నటి చలికాలంలో కాదు. ఏళ్ల కిందట.